సింహాచలం ఆడా, మగా?

(శ్రీకాకుళంలో పరిశోధక విద్యార్థులకూ, గ్రామ సర్వేలు చేసే యువతకూ ఏర్పాటైన శిక్షణ తరగతిలో, గణాంక సాఫ్ట్‌వేర్‌లోకి డేటా ఎక్కించడం గురించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలడుగుతానని భయపడకండి, వెనక కూర్చున్నా అడుగుతాను.

బోర్డు మీద ఒక వరస రాస్తున్నాను. పేరు సింహాచలం. వయసు 50. సీరం క్రియాటినిన్ 1.2. మండలం కవిటి. ఇది నేను కల్పించిన వరస, ఎవరి రిపోర్టూ కాదు. దీన్ని ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడానికి అర నిమిషం చాలు కదా? సరే, ఎక్కించండి. ఆడా మగా అన్న గడిలో ఏం వేస్తారు?

(సభలోంచి: "మగ సార్". ఇంకొకరు: "మా పిన్ని పేరు సింహాచలం సార్". నవ్వులు.)

అదీ సంగతి. మన వైపు సింహాచలం అన్న పేరు మగవాళ్ళకీ పెడతారు, ఆడవాళ్ళకీ పెడతారు. ఈ సంగతి మీకు తెలుసు కాబట్టి ఆగారు. ఎక్కడో హైదరాబాద్‌లో కూర్చుని కట్టలకొద్దీ ఫారాలు ఎక్కించే కుర్రాడికి ఏం తెలుసు? ఫారంలో టిక్ కనబడకపోతే పేరు చూసి ఏదో ఒకటి నొక్కేస్తాడు. నొక్కితే పోయేదేముంది అంటారా? లెక్క వేద్దాం.

క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి వడగట్టాల్సిన ఒక వ్యర్థం. అదొక్కటే చూసి కిడ్నీ సంగతి చెప్పలేం. దానికి వయసునీ, ఆడా మగా అన్నదాన్నీ కలిపి ఈజీఎఫ్‌ఆర్ అనే అంచనా కడతారు. కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడగడుతున్నాయో చెప్పే అంకె అది. 2021లో వచ్చిన సీకేడీ-ఎపీ సూత్రంలో మన వరస వేసి చూడండి. 50 ఏళ్ల మగమనిషి, క్రియాటినిన్ 1.2 అయితే దాదాపు 74 వస్తుంది. అదే వయసు, అదే 1.2, ఆడమనిషి అయితే 55. ఈ అంకె మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువగా ఉంటే డాక్టర్లు దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అంటారు. ఇప్పుడు చెప్పండి, మగకి 1, ఆడకి 2 అని కోడ్ పెట్టుకున్నాం అనుకుంటే, ఆ ఒక్క గడిలో 2కి బదులు 1 పడితే ఏమైంది? మళ్ళీ పరీక్ష చేయించాల్సిన ఆవిడ మన జాబితాలోంచి జారిపోయింది. సాఫ్ట్‌వేర్ పొరపాటేమీ లేదు. 1 ఇచ్చారు, 1 అనుకుంది, సూత్రం ప్రకారం లెక్క కట్టింది, దశాంశాలతో సహా చూపించింది.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం పేరు చెబితే చాలు, ఈ హాల్లో సగం మందికి తమ ఊరో, చుట్టాల ఊరో గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఎన్నో సర్వేలు జరిగాయి, ఇంకా జరుగుతాయి. అందుకే ఈ రోజు ఉదాహరణలన్నీ అక్కడివే తీసుకుంటున్నాను. పరీక్షలు, గ్రాఫులు, రిగ్రెషన్ రేపటి నుంచి ఎలాగూ ఉన్నాయి. నా మాట ఒకటే: గడిలో అంకె వేయడం గుమాస్తా పని కాదు. ప్రతి గడి వెనకా ఒక నిర్ణయం ఉంటుంది. ఆ నిర్ణయం ఎంట్రీ చేసేవాడు కీబోర్డు ముందు తీసుకోకూడదు. మీరు ముందే తీసుకుని, కాగితం మీద రాసి అతని చేతికివ్వాలి.

ఎస్‌పీఎస్‌ఎస్ గురించి రెండు ముక్కలు. 1968లో స్టాన్‌ఫర్డ్‌లో నార్మన్ నై, హాడ్లీ హల్, డేల్ బెంట్ అనే ముగ్గురు తయారుచేశారు. 2009లో ఐబీఎం కొనుక్కుంది. అప్పట్లో డేటా అంటే పంచ్ కార్డులు, కార్డుకి 80 నిలువు వరసలు. అంకె ఏ వరసలో పడిందన్నదే ప్రాణం. చాలాకాలం వేరియబుల్ (అంటే ఒక్కో ప్రశ్న జవాబులు పడే నిలువు వరస) పేరు ఎనిమిది అక్షరాలు దాటనిచ్చేవారు కాదు. పాత డేటా ఫైళ్ళు తెరిస్తే క్యూ12ఏ, వీ37 లాంటి పేర్లు కనబడేది అందుకే. ఇప్పుడు 64 బైట్ల దాకా పెట్టుకోవచ్చు. అయినా మనవాళ్ళు ఇప్పటికీ వీ1, వీ2 అనే పెడతారు. ఆరు నెలల తర్వాత వీ37 ఏమిటో పెట్టినవాడికే తెలియదు.

తెరవగానే కింద రెండు ట్యాబులుంటాయి: డేటా వ్యూ, వేరియబుల్ వ్యూ. అందరూ మొదటిదాంట్లోకి దూకి అంకెలు కొట్టడం మొదలెడతారు. రెండోదానితో మొదలెట్టండి. అందులో ఒక్కో అడ్డ వరస ఒక్కో వేరియబుల్. పేరు, రకం, వెడల్పు, దశాంశాలు, లేబుల్, వాల్యూస్, మిస్సింగ్, చివర్లో మెజర్ అని ఉంటాయి. పేరు అక్షరంతో మొదలవ్వాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. లేబుల్‌లో తెలుగు రాసుకోవచ్చు, రాయండి, ప్రశ్న ఫారంలో ఎలా ఉందో అలాగే. కాకపోతే తెలుగులో ఒక చిన్న చిక్కుంది. యూనికోడ్ మోడ్‌లో వెడల్పుని బైట్లలో కొలుస్తుంది, తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు పడతాయి. గుడి, దీర్ఘం, సున్నా అన్నీ విడివిడి గుర్తులే. సింహాచలం అని రాయడానికి 24 బైట్లు కావాలి. అక్షరాల వేరియబుల్‌కి అది తనంతట ఇచ్చే వెడల్పు 8. పెంచకపోతే సింహాచలం కాస్తా 'సి' అయి ఊరుకుంటుంది. ఇంకోటి, డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టించిన జాబితాలు తెచ్చి అతికించకండి. అవి యూనికోడ్ కావు, ఇక్కడ పిచ్చి గీతలు వస్తాయి.

మెజర్ దగ్గర మూడు ఉంటాయి: నామినల్, ఆర్డినల్, స్కేల్. మండలం కోడ్ నామినల్, అంటే పేరుకి బదులు వేసిన అంకె. చదువు స్థాయి ఆర్డినల్, దానికి ఎక్కువ తక్కువల వరస ఉంది. క్రియాటినిన్ స్కేల్, అది నిజమైన కొలత. మండలాల కోడ్లకి సగటు తీయమన్నా అది తీసేస్తుంది, సిగ్గుపడదు. ఈ సంగతి రేపు వివరంగా చూస్తారు, నేను ముందుకెళ్తాను.

ఇప్పుడు ఊరి కోడ్. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే మన జిల్లాల్లో ఇదే పెద్ద తలనొప్పి.

'మీరు పుట్టిన జిల్లా?' అని ఫారంలో ఒక ప్రశ్న ఉందనుకోండి. పార్వతీపురంలో 1948లో పుట్టిన ఒక పెద్దాయన, 1970లో పుట్టిన ఆయన కొడుకు, 1995లో పుట్టిన మనవడు, 2023లో పుట్టిన మునిమనవడు ఒకే ఇంట్లో ఉన్నారు. పెద్దాయన పుట్టినప్పుడు అది విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా వచ్చింది, కాబట్టి కొడుకు శ్రీకాకుళం. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా వచ్చింది, సాలూరు, బొబ్బిలి, చీపురుపల్లితో పాటు పార్వతీపురం అందులోకి వెళ్ళింది, కాబట్టి మనవడు విజయనగరం. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా, మునిమనవడిది అది. ఎవరూ ఇల్లు మారలేదు. మీ డేటాలో మాత్రం ఒకే అరుగు మీద నాలుగు జిల్లాలవాళ్ళు కూర్చున్నారు. ఎవరో దీనికి క్రాస్‌టాబ్ (రెండు వేరియబుల్స్‌ని కలిపి చూపే పట్టిక) వేసి 'అంతర్‌జిల్లా వలసలు' అని ఒక అధ్యాయం రాసేస్తారు!

నవ్వకండి, ఇలాంటివి జరుగుతాయి. 2022కి ముందు శ్రీకాకుళం జిల్లాలో 38 మండలాలు, తర్వాత 30. పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం మన్యానికి వెళ్ళాయి. రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరానికి వెళ్ళాయి. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం కోడ్ 542, విజయనగరం 543. ఆ 542 పాత 38 మండలాలది. దాని పక్కన ఈ మధ్య తీసిన 'శ్రీకాకుళం జిల్లా' అంకె పెట్టి, జనం తగ్గిపోయారు, అందరూ వలసపోయారు అని తేల్చేస్తే ఎవరిని అనాలి?

దీనికి నేను చెప్పేది ఏమిటంటే, జిల్లాని ఎక్కించకండి. గ్రామం కోడ్, మండలం కోడ్ ఎక్కించండి. 2011 సెన్సస్‌లో ప్రతి గ్రామానికీ ఆరంకెల కోడ్ ఉంది. పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ వాళ్ళ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఇప్పటి కోడ్లున్నాయి. రెండింట్లో ఏది వాడారో కోడ్‌బుక్‌లో, అంటే ఏ అంకెకి ఏ అర్థమో రాసుకునే పుస్తకంలో, రాయండి. మండలం తెలిస్తే 2011 నాటి జిల్లా ఒక వేరియబుల్‌గా, 2022 తర్వాతి జిల్లా ఇంకో వేరియబుల్‌గా రీకోడ్ కమాండ్‌తో నిమిషంలో పుట్టించుకోవచ్చు. జిల్లా మాత్రమే ఎక్కించి ఉంటే వెనక్కి వెళ్ళే దారి లేదు.

ఊరి పేరు అక్షరాల్లో కొట్టకండి. ఇచ్ఛాపురానికి ఇంగ్లీషులో టీ పెట్టి రాసేవాళ్ళున్నారు, టీ లేకుండా రాసేవాళ్ళున్నారు, సీహెచ్ రెండుసార్లు రాసేవాళ్ళున్నారు. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా వచ్చినా సాఫ్ట్‌వేర్‌కి వేరే ఊరే. ఫ్రీక్వెన్సీ టేబుల్ తీస్తే ఒక్క ఇచ్ఛాపురం అయిదు ఇచ్ఛాపురాలు అవుతుంది. అంకె కోడ్ ఇచ్చి వాల్యూస్ గడిలో పేరు రాసుకోండి. టేబుల్‌లో పేరే కనబడుతుంది.

కొలతలు చూద్దాం. 'ఎంత భూమి ఉంది?' అంటే రైతు 'ఎకరా అయిదు సెంట్లు బాబూ' అంటాడు. ఎంట్రీ చేసేవాడు 1.5 కొడతాడు. తప్పెక్కడుంది?

(సభలోంచి: "1.05 సార్".)

అవును, ఎకరాకి వంద సెంట్లు. 1.5 అంటే ఎకరన్నర. 45 సెంట్ల భూమి కాగితం మీద కలిపేశాం, అదీ రిజిస్ట్రేషన్ ఖర్చు లేకుండా! ఎకరాలకి ఒక గడి, సెంట్లకి ఒక గడి పెట్టండి. కంప్యూట్‌లో సెంట్లని వందతో భాగించి కలపండి. మనిషి ఏ మాటల్లో చెబితే ఆ మాటల్లోనే ఎక్కించాలి, లెక్క కట్టే పని యంత్రానికి వదలాలి. దిగుబడి కూడా అంతే. బస్తాలు అని ఊరుకోవద్దు. పలాస వైపు జీడిపిక్కల ధర 80 కిలోల బస్తా మీద చెబుతారు. వడ్ల బస్తా అంటే ఒకరు 75 అంటారు, ఒకరు 80 అంటారు. బస్తాల సంఖ్య ఒక గడి, బస్తా బరువు ఇంకో గడి. బీపీ కూడా 120/80 అని ఒకే గడిలో కొట్టేస్తుంటారు. అది అంకె కాదు, అక్షరాల ముక్క. పైది వేరు, కిందది వేరు.

ఇక జవాబు లేని గడులు. దీని దగ్గర చాలామంది బోల్తా పడతారు.

పది ఇళ్ళున్నాయి. తొమ్మిది ఇళ్ళలో ఇద్దరేసి పిల్లలు. పదో ఇంట్లో జవాబు దొరకలేదు, 99 వేశారు. మిస్సింగ్ గడిలో ఆ 99ని ప్రకటించడం మరిచారు. సగటు ఎంతొస్తుంది? 11.7. ఇంటికి పన్నెండుమంది పిల్లలు! ఇది చూడగానే దొరికిపోతుంది కాబట్టి ఫరవాలేదు. ఆదాయం దగ్గర, వయసు దగ్గర ఇదే జరిగితే దొరకదు. వయసుకి 99 అసలు పెట్టకూడదు, నూరేళ్ళకి దగ్గరపడిన ముసలమ్మలు మన ఊళ్ళల్లో ఉన్నారు.

ఖాళీగా వదిలేస్తే చుక్క కనబడుతుంది, దాన్ని సిస్టమ్ మిస్సింగ్ అంటారు. ఆ చుక్క ఏం చెబుతోంది? మనిషి తెలియదన్నాడా? చెప్పనన్నాడా? మీరు అడగడం మరిచారా? అడిగారు కానీ ఎక్కించడం మరిచారా? నాలుగూ నాలుగు కథలు. 'పశువులెన్ని' అన్న గడి ఖాళీగా ఉంటే సున్నా అనుకోవాలా? ఖాళీని సున్నా చేయడం ఒక నిర్ణయం, సున్నాని ఖాళీ చేయడం ఇంకో నిర్ణయం. మగవాళ్ళని గర్భం గురించి అడగం, అది 'వర్తించదు', ఇంకో కథ. ఎస్‌పీఎస్‌ఎస్ ఒక్కో వేరియబుల్‌కి విడివిడిగా మూడు మిస్సింగ్ విలువలే ఒప్పుకుంటుంది. నాలుగైదు కావాలంటే ఒక కిటుకు ఉంది, రేంజ్ ఇవ్వొచ్చు. మైనస్ 9 నుంచి మైనస్ 6 వరకు అని ఇచ్చి నాలుగు కారణాలకీ నాలుగు అంకెలు కేటాయించండి. వయసు, ఆదాయం, క్రియాటినిన్ ఏవీ మైనస్‌లో ఉండవు కాబట్టి గొడవ రాదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయానికి వస్తాను.

డేటా శుభ్రం చేయడం అనగానే పుస్తకాల్లో ఒక సూత్రం ఉంటుంది: సగటుకి మూడు ప్రామాణిక విచలనాల (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) అవతల ఉన్న విలువల్ని అనుమానించండి. అనుమానించమంటే మనవాళ్ళు డిలీట్ కొట్టేస్తారు. మీ ఫైల్లో క్రియాటినిన్ 9.4 కనబడింది. మామూలు ఊళ్ళో అయితే 0.94కి చుక్క జారిందనుకోవచ్చు. ఉద్దానంలో అలా అనుకోవడానికి లేదు. ఆ మనిషి డయాలసిస్ మీద ఉండొచ్చు. 9.4 నిజంగా 9.4 కావచ్చు. దాన్ని 'అవుట్‌లయర్' అని తీసేశారంటే, ఏ జబ్బు కోసం సర్వే మొదలెట్టామో ఆ జబ్బు ఉన్నవాళ్ళనే సర్వేలోంచి బయటికి నెట్టినట్టు. ఆ తర్వాత వచ్చిన సగటు అందంగానే ఉంటుంది. ఆ అందంతో ఎవరికీ ఉపయోగం లేదు.

అలాగని వచ్చిందల్లా నమ్మేయమనీ కాదు. ఎక్స్‌ప్లోర్ అనే కమాండ్‌లో అవుట్‌లయర్స్ దగ్గర టిక్ పెట్టి వేస్తే అయిదు పెద్ద విలువలు, అయిదు చిన్న విలువలు వరస నంబరుతో చూపిస్తుంది. ఒక్కొక్కటీ పట్టుకుని ఫారం తీయండి. ల్యాబ్ చీటీ చూడండి. 'డయాలసిస్ చేయించుకుంటున్నారా' అన్న ప్రశ్నకి ఏం జవాబుంది? అవును అని ఉంటే 9.4 నిలబడింది. లేదు అని ఉంటే ఫోన్ చేయాలి, లేదా ఊరెళ్ళాలి. 106 అని ఉంటే? అది ఇంకో కొలమానంలో, డెసీలీటరుకి మిల్లీగ్రాముల్లో కాకుండా లీటరుకి మైక్రోమోల్స్‌లో, ఇచ్చిన రిపోర్టు కావచ్చు, 88.4తో భాగిస్తే 1.2 వస్తుంది. ఏం తేల్చారో, ఎవరు తేల్చారో, ఏ తేదీన తేల్చారో ఒక పుస్తకంలో రాయండి. తేలకపోతే తేలలేదని రాసి, అసలు విలువని అలాగే ఉంచి, పక్కన 'అనుమానం ఉంది' అని ఇంకో వేరియబుల్ పెట్టండి. లెక్క ఆ వరసలతో ఒకసారి, అవి లేకుండా ఒకసారి వేసి రెండూ చూపించండి. గైడ్ ఏమంటారోనన్న టెన్షన్ వద్దు. దాచి తీసేసిన దానికంటే చూపించి ఉంచిన దానికే విలువ.

వయసు సంగతికి వస్తే, ఊళ్ళోకి వెళ్ళి అడిగితే 'ఏటి బాబూ, యాభయ్యో అరవయ్యో ఏసుకో' అంటారు. అందుకే ఫైల్లో 50, 55, 60 దగ్గర జనం గుమిగూడి ఉంటారు. దీన్ని కొలవడానికి విప్పుల్ సూచీ అని ఉంది. 23 నుంచి 62 ఏళ్ల మధ్య వాళ్ళలో వయసు చివర 0 గానీ 5 గానీ ఉన్నవాళ్ళెందరో చూస్తుంది. గుమిగూడడమే లేకపోతే 100, అందరూ 0, 5 మీదే ఉంటే 500. మీ డేటాకి ఒకసారి వేసి చూసుకోండి. ఫీల్డ్‌లో ఉన్నప్పుడైతే తుఫాన్లు సాయం చేస్తాయి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరులో. 'తిత్లీకి మీ పెద్దపిల్ల ఏ క్లాసు?' అంటే చటుక్కున చెబుతారు, అక్కడి నుంచి అమ్మ వయసు దాకా వెళ్ళొచ్చు. అయితే ప్రతి తప్పుకీ ఒకే బరువు ఉండదు. ఇందాకటి సూత్రంలో వయసు అయిదేళ్ళు ఎక్కువ పడితే 74 కాస్తా 71 అవుతుంది, అంతే. ఆడా మగా తారుమారైతే 19 పాయింట్లు పోయాయి. మీ దగ్గర సమయం తక్కువుంటే దేన్ని ముందు సరిచూడాలో ఇక్కడే తెలుస్తోంది కదా.

తాగునీరు. 'ఎక్కడి నీళ్ళు తాగుతారు?' ఇంటి బావి, బోరు, పంచాయతీ కుళాయి, కొనుక్కునే క్యాన్. ఒకే ఇంట్లో రెండు మూడు ఉంటాయి. '1,3,4' అని ఒకే గడిలో కొట్టారంటే దాంతో ఏ లెక్కా కాదు. ప్రతి నీటి వనరుకీ ఒక వేరియబుల్, ఉంటే 1, లేకపోతే 0. తర్వాత మల్టిపుల్ రెస్పాన్స్ సెట్‌గా కలుపుకోవచ్చు. ఇంకో మాట: పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి, హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి నీళ్ళు తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అంతకుముందు తయారైన ప్రశ్నావళిలో ఆ నీళ్ళకి కోడ్ లేదు. పాత ఫారమే జిరాక్స్ తీయించి వాడితే ఆ ఇళ్ళన్నీ 'ఇతరములు'లోకి పోతాయి. 'ఇతరములు' పది శాతం దాటితే మీ కోడ్లు సరిగ్గా లేవని నేను అనుకుంటాను. అది నా సొంత కొలబద్ద, ఏ పుస్తకంలోనూ ఉండదు. పైగా కిడ్నీ జబ్బు విషయంలో మనిషి ఇప్పుడు తాగే నీళ్ళకంటే, ఇరవై ఏళ్లుగా ఏం తాగాడన్నది పెద్ద ప్రశ్న. దానికి వేరే గడి కావాలి.

ఎక్సెల్ గురించి అడుగుతారని తెలుసు. ఎక్సెల్‌లో ఎక్కించి ఎస్‌పీఎస్‌ఎస్‌లోకి తెచ్చుకోవచ్చు, అందరూ చేసేదదే. కానీ ఎక్సెల్‌కి అతి తెలివి ఎక్కువ. డోర్ నంబరు 3-12 కొట్టి ఎంటర్ నొక్కండి, డిసెంబరు మూడో తేదీ అయి కూర్చుంటుంది. ఇంటి నంబరు 0042 కొడితే 42 మిగులుతుంది. జన్యువుల పేర్లు కూడా ఇలాగే తేదీలుగా మారిపోతుంటే, ఎక్సెల్‌ని మార్చలేక శాస్త్రవేత్తలు 2020లో జన్యువుల పేర్లే మార్చుకున్నారు! ఆ ఏడాది అక్టోబరులోనే ఇంగ్లండ్‌లో ఇంకోటి బయటపడింది. 65,536 వరసలకు మించి పట్టని పాత ఎక్సెల్ ఫార్మాట్ వాడడం వల్ల 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కలోకి ఎక్కకుండా మిగిలిపోయాయి. కాబట్టి ఐడీ, డోర్ నంబరు నిలువు వరసలని ముందే టెక్స్ట్‌గా పెట్టుకోండి. ఒకే నిలువు వరసని పట్టుకుని సార్ట్ చేయకండి, ఒకరి పేరు పక్కన ఇంకొకరి రక్తం వచ్చి చేరుతుంది. ఎస్‌పీఎస్‌ఎస్‌లో సార్ట్ కేసెస్ అంటే అడ్డ వరస మొత్తం కదులుతుంది, ఆ భయం లేదు.

ఎంట్రీ అయ్యాక సరిచూడడం ఎలా? రెండుసార్లు ఎక్కించడం కంటే మంచి పద్ధతి నాకు కనబడలేదు. ఇద్దరు మనుషులు, ఒకరిది ఒకరు చూడకుండా, అవే ఫారాలు రెండు ఫైళ్ళలో ఎక్కించాలి. డేటా మెనూలో కంపేర్ డేటాసెట్స్ ఉంది, తేడా ఉన్న గడులు అది చూపిస్తుంది. ఉచితంగా దొరికే ఎపీడేటా అయితే ఈ పనికోసమే ఉందనవచ్చు. ఈ ఆలోచన మన దేశానికి కొత్త కాదు. 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన మహలనోబిస్ గారు, బెంగాల్‌లో జనపనార సర్వేల కాలంలోనే, ఒకే ప్రాంతానికి వేర్వేరు బృందాల్ని విడివిడిగా పంపి, వాళ్ళ అంకెలు ఎంత దూరంగా ఉన్నాయో చూసేవారు. మనుషులు చేసే పొరపాటుని కూడా కొలవాల్సిందే అన్నది ఆయన పట్టుదల. విశాఖ ఏవీఎన్ కాలేజీలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన మన సి.ఆర్. రావు గారు 1941లో చేరింది ఆ సంస్థలోనే. మొత్తం ఫారాలు రెండుసార్లు ఎక్కించే ఓపిక, డబ్బు లేకపోతే పదింట ఒకటి చొప్పున తీసి ఎక్కించి చూడండి. తప్పులు ఎక్కువగా వచ్చిన వేరియబుల్ ఏదో తెలుస్తుంది, దాన్ని మాత్రం అన్ని ఫారాల్లో సరిచూసుకోవచ్చు.

మొదటి ఫైల్‌ని ముట్టుకోకండి. దాన్ని చదవడానికి మాత్రమే అని లాక్ చేసి పక్కన పెట్టి, కాపీ మీద పనిచేయండి. రీకోడ్ చేసేటప్పుడు 'సేమ్ వేరియబుల్స్' నొక్కితే పాత విలువ మాయమైపోతుంది, 'డిఫరెంట్ వేరియబుల్స్' వాడండి. ప్రతి డైలాగ్ బాక్సులో ఓకే పక్కన పేస్ట్ అని ఒక బటన్ ఉంటుంది, ఎవరూ దాని మొహం చూడరు. అది నొక్కితే మీరు చేసిన పని సింటాక్స్‌గా, అంటే రాతలో ఉన్న కమాండ్లుగా, ఒక ఫైల్లో పడుతుంది. రేపు గైడ్ గారు 'వయసు గ్రూపులు మార్చు' అంటే రెండంకెలు మార్చి మళ్ళీ నడిపిస్తే చాలు.

మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు విశ్లేషణ ఫైల్లో ఉండకూడదు. ఐడీ ఒక్కటే ఉండాలి. పేర్ల జాబితా వేరే ఫైల్లో, తాళంలో. ఆధార్ నంబరు అసలు అడగనే వద్దు, మీ థీసిస్‌కి దాంతో పనేముంది? ఫలానా ఇంట్లో కిడ్నీ జబ్బు ఉందని తెలిస్తే ఆ ఇంటి పిల్లల సంబంధాలు చెడిపోతున్నాయని ఆ ఊళ్ళల్లో బాధపడేవాళ్ళున్నారు. వాట్సాప్ గ్రూపులో ఎక్సెల్ ఫైల్ పడేసేముందు అది గుర్తుంచుకోండి.

ఏమైనా ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: ఎస్‌పీఎస్‌ఎస్ లైసెన్సు మాకు అందదు సార్. క్రాక్ వెర్షన్ వాడొచ్చా?)

వద్దు. దొంగ కాపీతో పాటు వైరస్ కూడా వస్తుంది, మీ ఫారాల కష్టమంతా పోతుంది. పీఎస్‌పీపీ అని ఉచితంగా ఉంది, చూడడానికి దాదాపు ఇలాగే ఉంటుంది, ఇవే ఫైళ్ళు తెరుస్తుంది. జమోవి ఉంది. ఆర్ ఉంది, నేర్చుకోవడానికి కాస్త ఓపిక కావాలి. నేను ఇందాక చెప్పినవాటిలో బటన్ల పేర్లు మారతాయి తప్ప పని మారదు.

(ప్రశ్న: ఇప్పుడు ఫోన్లోనే సర్వే చేస్తున్నాం కదా సార్, కోబో టూల్‌బాక్స్‌లో. ఎంట్రీ అవసరమేముంది?)

మంచి ప్రశ్న. కోబో, ఓడీకే లాంటివి నెట్ లేకపోయినా పనిచేస్తాయి, ముందే హద్దులు పెట్టుకుంటే వయసు 150 కొడితే ఒప్పుకోవు, తప్పనిసరి అని పెడితే ఆడా మగా అన్న ప్రశ్న దాటి ముందుకెళ్ళనివ్వవు. కాగితం కంటే నయం, వాడండి. కానీ ఒకటి చూసుకోండి. కాగితం మీద తప్పు పడితే కొట్టివేత కనబడుతుంది, ఫోన్లో వేలు జారితే జాడే ఉండదు. పైగా 'తప్పనిసరి' అని పెట్టిన ప్రశ్నకి జవాబు దొరక్కపోతే సర్వే చేసేవాడు ముందుకెళ్ళడం కోసం ఏదో ఒకటి నొక్కేస్తాడు. తప్పనిసరి పెట్టిన ప్రతిచోటా 'తెలియదు' అన్న బటన్ కూడా పెట్టండి. క్రియాటినిన్ లాంటి ముఖ్యమైన అంకెలకి ల్యాబ్ చీటీ ఫోటో తీయించండి, పేరున్న చోట వేలు అడ్డం పెట్టి.

(ప్రశ్న: 'తెలియదు' అన్నవాళ్ళకీ 'చెప్పను' అన్నవాళ్ళకీ ఒకే కోడ్ ఇస్తే ఏం పోతుంది సార్?)

అది ప్రశ్నని బట్టి ఉంటుంది. 'ఇంటి బావి లోతెంత' అన్న దానికి ఏదైనా ఒకటే, కలిపేయండి. 'మందు తాగుతారా' అన్న దగ్గర, 'నొప్పి మాత్రలు ఎన్ని వేసుకుంటారు' అన్న దగ్గర కలపకండి. తెలియదన్నవాడికి నిజంగా లెక్క లేకపోవచ్చు, చెప్పనన్నవాడికి లెక్క తెలుసు. ఎక్కించేటప్పుడు విడిగా ఉంచితే తర్వాత ఎప్పుడైనా కలుపుకోవచ్చు. కలిపేశాక విడదీయలేరు.

సరే, టీ వచ్చినట్టుంది. తాగి వచ్చాక కంప్యూటర్ల దగ్గర ఇద్దరిద్దరు కూర్చోండి. ఒక్కో జంటకి పది ఫారాలు ఇస్తాం, అన్నీ కల్పించినవే. పన్నెండున్నర దాకా ఎవరూ డేటా వ్యూ తెరవకూడదు. ముందు ఫారాలు చదివి, ఎక్కడెక్కడ నిర్ణయం తీసుకోవాలో కాగితం మీద రాయండి. అందులో కావాలనే కొన్ని చిక్కులు పెట్టాం, రెండు ఫారాల మీద ఒకే ఐడీ కూడా ఉంది.